గౌలిపుర తిజోరికి రెండో తాళంచెవి

జాల్నా,
12 జూన్ 1935

తమ్ముడు బాలనర్సింహకు,

మీ బావ పోయి నిన్నటికి నలభై రోజులు. ఏడ్చేవాళ్ళు ఏడ్చి వెళ్ళిపోయిన్రు. ఇప్పుడు ఇంట్లో నేను, గడియారం. రైల్వేవాళ్ళు ఈ క్వార్టరు నవంబరు ఆఖరుదాకా ఉంచుకోమన్నరు. ఆ తర్వాత కొత్త గూడ్స్ గుమాస్తా భార్యాపిల్లలతో వస్తడట.

నువ్వు మీ ఇంటికి రమ్మంటవు. రాను, ముందే చెప్తున్న. మరదలు ఎల్లమ్మ మంచిదే. కానీ ఎంత మంచిదాని ఇంట్లోనైనా తిన్న పళ్ళెం కడిగి ఎక్కడ బోర్లించాలో అడిగి బోర్లించాలి. నలభై ఏండ్లు వచ్చినంక నాకు ఆ అడుగుడు చేతకాదు.

నాకొక చోటు ఉన్నది. గౌలిపురలో మా అత్తగారింటి ముందటి రెండు గదులు నా పేర రాసినానని మీ బావ పదకొండేండ్ల కింద చెప్పిండు. ఆ కాగితం పసుపు గుడ్డలో చుట్టి తిజోరిలో పెట్టినానని కూడా చెప్పిండు. తిజోరి ఆ ఇంట్లోనే ఉన్నది, నా మరిది రామ్‌చందర్ దగ్గర. దాని తాళంచెవి మాత్రం మీ బావ నడుముకే ఉండేది. కలరా వార్డులో ఆయన బట్టలన్నీ తీసి కాల్చిన్రు. తాళంచెవి ఏమైందో అడిగే తెలివి ఆ రోజు నాకు లేదు.

రామ్‌చందర్ చెడ్డవాడు కాదు. బర్రెలు, పాలు, వాటితోటే తెల్లారుతది ఆయనకు. కాగితం చూపిస్తే ఒప్పుకుంటడు. చూపించకపోతే ఆ ఇంట్లో నేను ఉండేది ఆయన దయ మీద. దయ మీద ఉండను.

నువ్వు పోయి తిజోరి తీసి, ఆ కాగితం రిజిస్టరు పోస్టులో పంపు. హైదరాబాదులో నీకన్న పేరున్న తాళాలాయన లేడని నువ్వే అంటుంటవు. నేను నీ అక్కను. ఇంతకన్న ఏం కావాలి.

కృష్ణమ్మ


లాల్‌దర్వాజా,
20 జూన్ 1935

అక్కా,

ఉత్తరం చదివి కండ్ల నీళ్ళు పెట్టుకున్న. ఆఖరుకు వచ్చేసరికి ఆ నీళ్ళు ఎండిపోయినయి. పోస్టులో పంపమంటవా? నువ్వు మన నాయన బిడ్డవేనా?

పోయిన నెల చార్‌కమాన్ దగ్గర ముత్యాల సేఠ్ ఒకాయన నన్ను టాంగా పంపించి పిలిపించుకున్నడు. విలాయతీ తిజోరి, లోపల పది ఇనుప పలకలున్న తాళం. ఒక్క గీత పడకుండ తీసిన. సేఠ్ తన చేతులతో చాయ్ ఇచ్చిండు. ఆయన నన్నే ఎందుకు పిలిచినట్టు? తాళాలు తీసేవాళ్ళు ఊళ్ళో పదిమంది ఉన్నరు. దొంగలు కూడా తీస్తరు. నాయన పెట్టిన కట్టుబాటు మీద తీసేది మన దుకాణం ఒక్కటే.

మరిచిపోయినవేమో, మళ్ళీ చెప్తా. సొంతదారు ఎదురుగ ఉండాలి. ఇరుగుపొరుగు పెద్దమనిషి ఒకరు ఉండాలి. తాళం విడవకముందే సొంతదారు లోపలున్న ఒక్క వస్తువు పేరు అందరి ముందు చెప్పాలి. తాళం విడిచినంక నేను వెనక్కు తిరిగి నిలబడత. తలుపు లాగేది ఇంటివాళ్ళు, లోపల చూసేది పెద్దమనిషి. చెప్పిన వస్తువు ఉంటే నా కూలి నాకిచ్చి పంపుతరు. లేకపోతే మళ్ళా తాళం వేసి, చేసిన తాళంచెవిని అక్కడే చితకగొట్టి, కూలి తీసుకోకుండ వస్త. ఆ తిజోరిని మళ్ళీ ఈ చేతులతో ముట్టను. నవాబైనా అంతే, నా అక్కైనా అంతే.

అందుకని నువ్వే రా. బోనాలకు ముందు వస్తే మంచిది. గౌలిపుర పాలవాళ్ళ పెద్ద బసవయ్యకు నేను చెప్పి ఉంచుతా. నీ వస్తువు ఏదో నీకు తెలుసు కనుక ఫికర్ లేదు. అరపూట పని.

నీ తమ్ముడు
బాలనర్సింహ


జాల్నా,
25 జూలై 1935

బాలనర్సింహకు,

తమ్ముడా అని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే పేరు రాసిన.

తిజోరి తీయడానికి గౌలిపుర పోయిన రోజు నువ్వు గోడ దిక్కు తిరిగి, చేతులు కట్టుకొని, పెద్ద జడ్జి సాబ్ లెక్క నిలబడ్డవు. నీ వెనక ఏం జరిగిందో నీకు కనబడలేదు. కనబడ్డదాన్ని నేను, నేను రాస్త.

పసుపు గుడ్డలో కట్టిన రెండు గదుల కాగితం అని అందరి ముందు గట్టిగా చెప్పిన. రామ్‌చందర్ తలుపు లాగిండు. బసవయ్య తాత వంగి, ఒక చేత్తో మోకాలు పట్టుకొని లోపలికి చూసిండు. చాలాసేపు చూసిండు పాపం, దొరకాలనే చూసిండు. ఆఖరుకు నా ముఖం చూసి, "పసుపు గుడ్డ లేదు బిడ్డా. కాయితాలున్నయ్, డబ్బాలున్నయ్. గుడ్డ మాత్రం లేదు" అన్నడు.

"ఆ కాయితాలే సూడుండ్రి తాతా, గుడ్డ తీసి పెట్టిండేమో" అన్న నేను.

అప్పుడు గోడ దిక్కు నుంచి నీ గొంతు. "లేదంటే లేనట్టే. తలుపు ముయ్యుండ్రి."

రామ్‌చందర్ కూడా, "ఒక్కసారి సూస్తే ఏం పోయె బావా, మీ అక్కనే గద" అన్నడు. నువ్వు వినలేదు. తాళం వేసి, తాళంచెవిని గడపరాయి మీద పెట్టి సుత్తెతోటి మూడు దెబ్బలు కొట్టినవు. నా తోడికోడలు కృష్ణాష్టమి పిండివంటలు చూసినట్టు చూసింది. నువ్వు సంచి సర్దుకొని పోయినంక రామ్‌చందర్ ఏమన్నడో తెలుసా? "తాళాలాయన నీ సొంత తమ్ముడే. ఆయనే కాదన్నంక ఇగ నేనేమంట వదినా" అన్నడు. ఎత్తిపొడవడానికి కాదు. నిజంగానే అన్నడు. అదే నన్ను కోసింది.

మీ బావతో కాపురం చేసిన ఇరవై ఆరేండ్లలో నాకు ఇంత అవమానం ఎవరూ చేయలేదు. నా ముఖం మీద తలుపు మూసినవు. నీ కట్టుబాటు బాగుండాలె. నీ పేరు బాగుండాలె. నేను నవంబరుకు ఏ చెట్టుకింద ఉండాలో ఆలోచించుకుంట.

జవాబు రాయకు.

కృష్ణమ్మ


లాల్‌దర్వాజా,
2 ఆగస్టు 1935

అక్కా,

రాయకు అన్నవు. రాస్తున్న. నువ్వు చెప్పినట్టు వినే తమ్ముణ్ణి ఎప్పుడు అయిన.

నేను తప్పు చేయలేదు. ఆ రోజు నిన్ను చూసి కట్టుబాటు సడలిస్తే, రేపు ఎవడన్న తన అన్న పెట్టె చూపించి నాదే అంటే నేను ఏమనాలి? మీ అక్కకైతే తీసినవు, నాకెందుకు తియ్యవని అడగడా? గౌలిపుర నుంచి ఫలక్‌నుమా దాకా జనం నన్ను గడప లోపలికి రానిచ్చేది నా చేతి పనితనానికి కాదు. నేను వెనక్కు తిరిగి నిలబడతానని.

బయటికి వచ్చి గల్లీ మలుపులో ఎంతసేపు నిలబడ్డనో నీకు తెలియదు. అది రాయను.

ఎల్లమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతున్నది, అంతే. నీ మీద ఆమెకున్న ప్రేమ ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.

బాలనర్సింహ


లాల్‌దర్వాజా,
10 సెప్టెంబరు 1935

అక్కా,

నెల దాటింది. నీ నుంచి కార్డు ముక్క లేదు. జాల్నా వైపు నుంచి వచ్చిన రైలు గార్డును అడిగితే, క్వార్టర్ల కాడ నల్లా దగ్గర చూసిన, బాగానే ఉన్నది అన్నడు. నాకు ఆ మాట సరిపోలేదు.

గర్వానికి పోయి రాస్తున్న అనుకోకు, గర్వం పక్కన పెట్టి రాస్తున్న. మా ఇంట్లో వెనక గది సున్నం వేయించిన. వచ్చి ఉండు. పళ్ళెం నీకు తోచిన చోట బోర్లించు.

ఒక సంగతి మాత్రం అడుగుతా. అది నాకు నిద్ర పట్టనిస్తలేదు. బావ తిజోరిలో ఏముందో నువ్వు ఎన్నడన్న కండ్లతో చూసినవా?

బాలనర్సింహ


జాల్నా,
18 సెప్టెంబరు 1935

తమ్ముడు బాలనర్సింహకు,

ఇన్నేండ్లకు ఒక్క మంచి ప్రశ్న అడిగినవు. దానికోసం జవాబు రాస్తున్న, సున్నం వేసిన గది కోసం కాదు.

చూడలేదు. ఒక్కసారి కూడా. ఆయన తిజోరి తీసేటప్పుడు నేను వంటింట్లో ఉండాలి. మా అత్త కూడా ఉండాలి. ఆమె అత్త కూడా ఉండే ఉంటది. పసుపు గుడ్డ, కాగితం, అన్నీ ఆయన చెప్తే విన్నవే. నువ్వు లోపల ఏముందని అడిగినవు. నేను విన్నది చెప్పిన. ఏ ఇంట్లో ఆడది చూసిందిరా తిజోరి లోపల? నాయన ఆ కట్టుబాటు పెట్టినప్పుడు సొంతదారు అంటే మీసాలున్న మనిషే అనుకున్నడు. నువ్వూ అదే అనుకున్నవు.

ఇంకోటి చెప్త. దాచి దాచి విసుగొచ్చింది. నీకు తొమ్మిదేండ్లప్పుడు జహనుమాలో పెద్దసారు ఇంటి బీరువాకు తాళంచెవి కోసినవని నాయన లాల్‌దర్వాజా అంతా చెప్పుకొని తిరిగిండు. నీకు బెల్లం పంచిన్రు. అది కోసింది నేను. నాయనకు ఆ నెల కండ్లు మండుతుండె. తాళాల మీద పేర్లు చెక్కేందుకు మనిద్దరికీ అక్షరాలు నేర్పిండు గానీ, నేను చెక్కుడుతోటి ఆగలేదు. చూసి చూసి నేర్చుకున్న. ఆడపిల్లకు పని చెప్తే అది ఇంకో ఇంటికి పోతదని నాయన భయం. అందుకే నీ పేరు చెప్పిండు. మరుసటి ఏడు నాకు పెండ్లి చేసిండు.

కట్టుబాటు ప్రకారం ఆ తిజోరిని నువ్వు ముట్టొద్దు. ఇంకో తాళాలాయన ముట్టొచ్చు. నేను తాళాల ఇంటి పెద్దబిడ్డను. నేనే తీస్త. నాకు ఒక్క సంగతి తెలిస్తే చాలు, మసి పట్టిచ్చేది పళ్ళు కోసే ముందా, ప్రతి కోతకా? అంతవరకు మరిచిపోయిన.

కృష్ణమ్మ


లాల్‌దర్వాజా,
25 సెప్టెంబరు 1935

అక్కా,

నాకు తెలుసు.

తొమ్మిదేండ్ల పోరణ్ణి గానీ గుడ్డోణ్ణి కాదు. ఆ బెల్లం తిని, ఇంటి వెనకకు పోయి కక్కిన. నువ్వు చూసి వీపు నిమిరినవు. ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ బెల్లానికి లెక్క సరిచేయాలనే నేర్చుకున్న. ఈ మాట ఎల్లమ్మకు కూడా తెలియదు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి పుష్పమ్మ గుర్తొస్తున్నది. మన గల్లీలో బొగ్గుల దుకాణం పక్కన ఉండేది, మొగుడు పోయినంక నాయనను పిలిపించుకున్నది. వెండి గిన్నె అని చెప్పింది, లోపల లేదు. నాయన తాళం వేసి వచ్చిండు. సంచి మోసింది నేనే. ఆమె గడపలోనే కూర్చున్నది. మరుసటి ఏడే ఊరు విడిచిపోయింది. ఇట్లాంటివాళ్ళు నా చేతి మీద కూడా ముగ్గురు ఉన్నరు. వాళ్ళ ముఖాలు నేను చూడలేదు, గోడ దిక్కు తిరిగి ఉన్న. సిగ్గుగ ఉన్నది అక్కా.

కట్టుబాటు తీసెయ్యను. అది లేకపోతే మనం లేము. కానీ అడిగే మాట మారుస్తున్న. ఇప్పటినుంచి ఆడవాళ్ళను, లోపల ఏమున్నదని అడగను. నీ చేత్తో ఏం ఇచ్చినవు, ఏం పెట్టినవు అని అడుగుత.

ఇక పని సంగతి. మసి ప్రతి కోతకూ పట్టాలి. పళ్ళు కోయని తాళంచెవిని ఆముదం దీపం మీద తిప్పి నల్లగ చెయ్యి. లోపల పెట్టి మెల్లగా తిప్పు, తిరగదు. బలం పెట్టకు. బయటికి తీసి వెలుతురుకు పట్టి చూడు. మసి ఎక్కడ చెరిగిందో అక్కడ లోపలి పలక తాకినట్టు. ఆకురాయితో అక్కడ సన్నగా అరగదియ్యి. మళ్ళా మసి. ఇట్ల పలక పలకకూ. ఎక్కువ అరగదీస్తే ఆ తాళంచెవి పారెయ్యడమే, ఇనుము తిరిగి పెరగదు. ఆ తిజోరిలో ఆరు పలకలు, నాలుగోది మొండిది. ఏ పన్ను ఎంత లోతో నాకు ఇంకా గుర్తున్నది. చెప్పను. చెప్తే నేను తీసినట్టే.

విప్పిన పాత తాళం ఒకటి, పళ్ళు కోయని తాళంచెవులు ఇరవై నాలుగు, ఆకురాళ్ళు రెండు పార్సిల్ చేసిన. ఇంటి పని ఇంకో ఇంటికి పోతున్నది. నాయన ఏమంటడో నాయనతోటి నేను మాట్లాడుకుంట.

నీ తమ్ముడు
బాలనర్సింహ


జాల్నా,
14 అక్టోబరు 1935

తమ్మీ,

ఇరవై నాలుగులో పదిహేడు పాడుచేసిన. పద్దెనిమిదోది తిరిగింది. తిరిగినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు, నేను ఒక్కదాన్నే నవ్విన. పక్కింటి మరాఠీ ఆమె గోడ తట్టింది.

బొటనవేలు బొబ్బలు ఎక్కి పగిలి గట్టిపడ్డది. పసుపు రాసుకున్న. చిన్నప్పటి వేలు ఎక్కడికో పోయి తిరిగొచ్చినట్టు ఉన్నది.

నీకు చెప్పకుండ ఒక పని కూడా చేసిన. స్టేషను మాస్టరు భార్య ఆగమ్మకు పెద్ద ట్రంకు ఉన్నది, తాళంచెవి బావిలో పడ్డదట. ఆయన గొడ్డలితో పగలగొడతనంటే ఆమె లొల్లి పెట్టింది, అది వాళ్ళ అమ్మ ఇచ్చిన ట్రంకు. నేను పోయిన. నువ్వు రాసిన మాటే అడిగిన, నీ చేత్తో ఏం పెట్టినవమ్మా అని. ఆమె గడగడ పదమూడు వస్తువులు చెప్పింది. ఒక్కటి చాలు తల్లీ అన్న. తాళం విడిచినంక నేను వెనక్కు తిరిగి గోడ చూసుకుంట నిలబడ్డ. ఆ గోడను చూసేటప్పుడు ఎంత గర్వంగ ఉంటదో నువ్వు ఎన్నడూ చెప్పలేదు. దొంగవు.

దీపావళి పోయినంక గౌలిపుర వస్త. బసవయ్య తాతకు కార్డు రాసిన. నువ్వు ఆ రోజు దగ్గర ఉండకు. నువ్వు గల్లీలో ఉన్నా సరే, నీ చేయి తగిలిందనే అంటరు.

కృష్ణమ్మ


గౌలిపుర,
6 నవంబరు 1935
(బీదరులో జాగీర్దారు గారి ఇంట తాళాల పని మీదున్న బాలనర్సింహకు)

తమ్మీ,

నువ్వు అంతదూరం పని ఒప్పుకొని పోయినవని ఎల్లమ్మ చెప్పింది. నా మాట కోసమే పోయినవని కూడా చెప్పింది. ఆమె నీతో మాట్లాడుతున్నది గదా ఇప్పుడు, సంతోషం.

నిన్న తిజోరి తీసిన.

బసవయ్య తాత ముందే అడ్డం పడ్డడు. "తాళాలామె నువ్వే, సొంతదారువు నువ్వే. గిట్ల ఎట్ల నడుస్తది బిడ్డా?" అన్నడు.

"తాళం విడిచేదాక తాళాలామెను తాతా. విడిచినంక గోడ దిక్కు తిరుగుత. తలుపు మరిది లాగుతడు, లోపల సూసేది నువ్వు. నేను అండ్ల చెయ్యి పెట్టను" అన్న.

ఆయన కొద్దిసేపు గడ్డం గోక్కొని, "మీ నాయన గిట్లనే మాట్లాడుతుండె" అని పీట మీద కూర్చున్నడు.

వస్తువు పేరు అడిగిండు. ఆకురాయి అని చెప్పిన. నా తోడికోడలు నవ్వింది, రామ్‌చందర్ నవ్వలేదు. నీకు కూడా ఇది తెలియదు. అప్పగింతల నాడు నాయన నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పకని, తను వాడే జానెడు ఆకురాయి నా కొంగులో కట్టిండు. అత్తగారింట్లో మూటలు విప్పేటప్పుడు అత్త చూసి, కోడలు పిల్లకు ఆకురాయి ఎందుకు, మా ఇంటి తాళాలకు భయం కాదా అన్నది. అందరూ నవ్విన్రు. మీ బావ చెయ్యి చాపితే నా చేత్తోనే ఇచ్చిన. తిజోరిలో వేసి తాళం పెట్టిండు. ఆ మొదటిసారి అది నాకు వస్తువని ఎందుకు తోచలేదో నన్ను అడగకు. ఇంతమంది నవ్విన దాన్ని నేను వస్తువుల లెక్కలోనే పెట్టుకోలేదు.

పొద్దున పాలు పిండినంక మొదలుపెట్టిన. ఐదు తాళంచెవులు పాడైనయి. నాలుగో పలక నువ్వు రాసినదానికన్న మొండిది, ఒట్టు. రామ్‌చందర్ బర్రెలను మేతకు తోలి తిరిగొచ్చిండు, ఇంకా కూర్చునే ఉన్న. ఆరోదానితో, మధ్యాహ్నం దాటినంక, అది తిరిగింది. శబ్దం కన్న ముందే నా వేళ్ళకు తెలిసింది. చెయ్యి తీసి, లేచి, గోడ దిక్కు తిరిగిన.

తలుపు కిర్రుమన్నది. బసవయ్య తాత తడుముతున్నడు. తర్వాత, "ఉన్నది" అన్నడు. "తుప్పు పట్టింది గని ఉన్నది. దీనిమీద వాళ్ళ నాయన గుర్తున్నది, నేను ఎరుగుదు."

సొంతదారునని అందరూ ఒప్పుకున్నంక కాగితాలు ఒక్కొక్కటి తీసి చదివిన్రు. మేత రసీదులు. మా మామ పేర ఇంటి పట్టా. ఆఖరున ఒక స్టాంపు కాగితం. వెనక కొన్న తారీఖు ఉన్నది, పదకొండేండ్ల కిందటిది. భార్య కృష్ణమ్మ పేర రాయించడానికి కొన్నట్టు ఉన్నది. మడత విప్పితే ముందు పక్క ఏమీ లేదు. తెల్లగ ఉన్నది. మీ బావ కొన్నడు, తెచ్చిండు, తిజోరిలో పెట్టిండు, రేపు రాస్త అనుకున్నడు. నాకు మాత్రం రాసిన అని చెప్పిండు.

కోపం రాలేదని రాస్తే అబద్ధం. పోయిన మనిషి మీద ఇంత కోపం వస్తదని నాకు తెలియదు. అబద్ధమాడి మోసం చేసి ఉంటే ఒక్కసారి ఏడ్చి ఊరుకుందును. ఆయన మంచి మనిషి, బద్ధకస్తుడు. ఎక్కడ పెట్టుకోవాలి ఈ కోపం.

రామ్‌చందర్ ఆ తెల్లకాగితం చూసి తల ఎత్తలేదు. "అన్న రాద్దామనే కొన్నడు వదినా. నేను రాస్త. బసవయ్య తాత సాచ్చి. ముందటి గదులు నీయే" అన్నడు. ఎంత మంచి మాట. నా కండ్లు నిండినయి.

"ఆయన రాస్తే నా హక్కు. నువ్వు రాస్తే నీ మంచితనం మరిదీ. మంచితనం నీ దగ్గరే ఉండనీ, నాకు పండుగకు పిలుపు చాలు" అన్న. ఆకురాయి నేను తీసుకున్న. తిజోరి తాళంచెవి ఆయన చేతిలో పెట్టిన. బాగా కుదిరిన తాళంచెవి, చితకగొట్టే పని పడలేదు.

గదులు రాలేదు తమ్మీ. ఇల్లు లేదు. ఇరవై రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అయినా నిన్నటి నుంచి నా నడక మారిందని నా తోడికోడలే అన్నది. సాయంత్రం బసవయ్య తాత భార్య సుందరమ్మ వచ్చి, మా సందూకుకు కూడా ఒకటి కోసిస్తవా బిడ్డా, మగోళ్ళను పిలిస్తే అండ్ల ఏమున్నదో మా ఆయనకు తెలుస్తది అని చెవిలో చెప్పింది. కోసి ఇచ్చిన. కూలి తీసుకున్న.

రేపటి బండికి జాల్నా పోతున్న, సామాను సర్దడానికి.

అక్క
కృష్ణమ్మ


లాల్‌దర్వాజా,
20 నవంబరు 1935

అక్కా,

నీ ఉత్తరం బీదరులో అందింది. జాగీర్దారు గారి ఇంట్లో వడ్రంగులు, మేస్త్రీలు, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించిన. ఆకురాయి దగ్గర నేను ఉత్తరం కింద పెడితే మేస్త్రీ అందుకొని చదివిండు. ఇరవై ఆరేండ్లు నాయన ఆకురాయి ఎక్కడ పోయిందని నేను దుకాణమంతా వెతికిన. నాకు ఇయ్యలేదు, నీకు ఇచ్చిండు. ఒక్కరోజు కుళ్ళుకున్న, తర్వాత ఆయన సరిగ్గానే చేసిండని ఒప్పుకున్న.

నిన్న ఊరికి వచ్చేసరికి దుకాణం ముందు రిక్షా నిలబడి ఉన్నది. శాలిబండలో నవాబుల దేవిడీ నుంచి వచ్చిన ముసలి పనామె, అక్కడ మామా అంటరు, బురఖా ఎత్తి నన్ను పైనుంచి కిందిదాక చూసింది. "చాబీవాలీ కహాఁ హై?" అన్నది, తాళాలామె ఎక్కడ అని.

"తాళాల పనోణ్ణి నేనే మా, బోలియే" అన్న.

"తుమ్ నహీఁ. తుమారీ ఆపా" అన్నది, నేను కాదట, మా అక్కనట. ఇరవై ఐదేండ్లుగ ఆ దుకాణంలో కూర్చున్న మనిషిని నేను.

సంగతి ఏమంటే, సుందరమ్మ ఆ దేవిడీకి పాలు పోస్తది. ఆడవాళ్ళుండే జనానాలో బేగం సాహెబ్ గారి అల్మారీ మూడేండ్లుగ మూసుకొని ఉన్నదట. మగోడు లోపలికి రావద్దు. అల్మారీని బయటికి మోయిస్తే అందులో ఏమున్నదో నౌకర్లందరికీ లెక్క తెలుస్తది, అది ఆమెకు ఇష్టం లేదు. ఆ ఒక్క అల్మారీ కాదు, ఆ మామా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, తెలిసిన దేవిడీలలోనే ఏడు. ఊరినిండ మూసుకుపోయిన పెట్టెలు ఉన్నయి, మేము గడప దాటలేక వదిలేసినవి. మా కండ్ల ముందే ఉన్నయి, మాకెవరికీ తోచలేదు.

నీ పనితనం ఎట్లాంటిదని ఆమె అడిగింది. నా మొదటి తాళంచెవి మా అక్క కోసిందే అని చెప్పిన. ఎల్లమ్మ లోపలి నుంచి విన్నది. వినని. గల్లీ అంతా వినని.

మా ఇంటికి రమ్మనను, రమ్మని తిట్లు తిన్న. దుకాణంలో నాయన పీట ఉన్నది, ఆయన పోయినంక దానిమీద ఎవరం కూర్చోలేదు. నువ్వు కూర్చో, పని సగం సగం చేసుకుందాం. ఎదురుగ దర్జీ ఖాళీ చేసిపోయిండు, వెనక ఒక గది, చిన్న వంటిల్లు కూడా ఉన్నయి, కానీ మన దుకాణం ఉండగ అది ఎందుకు. ఏ బండికి వస్తవో రాయి, కాచిగూడ స్టేషనుకు వస్త.

నీ తమ్ముడు
బాలనర్సింహ


జాల్నా,
25 నవంబరు 1935

తమ్మీ,

క్వార్టరు తాళంచెవి స్టేషను మాస్టరుకు అప్పగించిన. ఆగమ్మ ఏడ్చింది, టిఫిను కట్టి ఇచ్చింది. ఎల్లుండి పొద్దటి బండికి వస్త.

నాయన పీట నాయనది. నువ్వు కూర్చో, నీకు వయసొచ్చింది. నేను సగం పని చెయ్యను, సగం పేరు తీసుకోను, ఆ బెల్లం ముచ్చట ఒక్కసారికి చాలు. ఎదురుగ దర్జీ దుకాణం మాట్లాడి పెట్టు. కిరాయి కాగితం నా పేరు మీద ఉండాలి. ఓనరు ఆడమనిషి పేరు మీద రాయనంటే ఎల్లమ్మను పంపు, ఆమె రాయిస్తది. పళ్ళేలు కొనకు. నేను తెచ్చుకుంటున్న, బోర్లించే చోటు నేనే చూసుకుంట.

ఒకటి ముందే చెప్పి ఉంచుతున్న. ఆడవాళ్ళ పెట్టెలు నావి, వాటి కోసం నీ దుకాణం ఎక్కినవాళ్ళను ఎదురుగ పంపు. మొగవాళ్ళు నా దగ్గరికి వస్తే నేను నీ దగ్గరికి పంపుత, పనితనం చూసి వాళ్ళు పోకపోతే నా తప్పు కాదు.

బేగం సాహెబ్‌కు శుక్రవారం వస్తానని కబురు పెట్టు. నా కట్టుబాటు కూడా చెప్పు. పెద్దమనిషిగా ఇంటి ఆడవాళ్ళలో ఒకరు ఉండాలి. అల్మారీలో బేగం గారు తన చేత్తో పెట్టిన వస్తువు ఒక్కటి ముందే చెప్పాలి. అది లేకపోతే మళ్ళా తాళం వేసి వస్త. ఆమె బేగమైనా అంతే.

దేవిడీ దారి నాకు తెలియదు, నువ్వు తోడు రా. పరదా దాటి లోపలికి నేను పోత. నువ్వు బయట గేటు కాడ కాపలా దర్బాన్ పక్కన కూర్చో. ఎవరన్న నువ్వెవరని అడిగితే, తాళాల కృష్ణమ్మ తమ్ముణ్ణి అని చెప్పు.

కృష్ణమ్మ